పెద్దరాములు కునుకు

జీపు షెడ్డు ముందుకు వచ్చి ఆగగానే పెద్దరాములు దాన్ని గుర్తుపట్టాడు. గుర్తుపట్టి కూడా పట్టనట్టే తల వంచుకుని, ముందున్న చక్రం మీద నీళ్లు కొడుతూ కూర్చున్నాడు. ఒకప్పటి తెల్ల జీపు ఇప్పుడు ఆకుపచ్చగా మారింది. పైన కొత్త టాపు కుట్టించారు, ముందు జాలీ మార్చారు, సీట్లకు మెరిసే రెక్సిన్ తొడిగారు. ఎంత ముస్తాబు చేస్తే మాత్రం ఏం లాభం, గేరు రాడ్డు మీద గాజు గుండు అదే. లోపల ఎర్ర గులాబీ ఉన్న ఆ గుండును ఏడుపాయల జాతరలో కొనుక్కొచ్చి బిగించింది పెద్దరాములే. కళ్లు కాదన్నా, ఏళ్ల తరబడి దాన్ని పట్టుకున్న అరచేయి ఊరుకుంటుందా? దానికి అప్పటికే చెమట పట్టింది.

జీపు దిగినాయన సంగప్ప. సంగారెడ్డి అవతల నల్లరేగడి చేలో బంతి, చామంతి వేస్తాడు. మోకాళ్ల దాకా ఎండిన బురదతో, నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో ఉన్నాడు.

"నర్సిములూ, ఫోర్ వీలని చెప్పి అంటగట్టిండ్రు నాకు. నిన్నటి వానకు చేన్ల దిగవడ్డది. ఫోర్ వీల్ రాడ్డు గుంజిన. ఎనుక చక్రాలు తిరుగుతనే ఉన్నయ్, ముందటియి తమాష సూసుకుంట కూసున్నయ్."

షెడ్డు నర్సింహులుది. పెద్దరాములుకు అక్క కొడుకు. మాట తక్కువ, చేయి ఎక్కువ ఆడే మనిషి. గోనెపట్టా పరుచుకుని జీపు కిందికి దూరాడు. కాసేపు చెప్పులు మాత్రమే బయట కనిపించాయి. తర్వాత లోపలినుంచి నవ్వు వినిపించింది.

"ముందు షాఫ్టే లేదు గదనే దీనికి."

"లేదంటే?"

"ఇంజన్ జోరును ఎనుక చక్రాలకు మోసుకపోను ఒక ఇనుప గొట్టం ఉంటది. ముందటి చక్రాలకు ఇంకోటి. ముందటిది పీకేసిండ్రు. నువ్వు రాడ్డు ఎంత గుంజినా ఆడ అందుకునేటోడు లేడు."

సంగప్ప తల గోక్కున్నాడు. "అమ్మినోడు అన్నడు మరి. సీటు కింద సంచిల ఏదో ఇనుప సామాను ఉంది, అతికిచ్చుకుంటే పనికొస్తదని. గదేనేమో."

పెద్దరాములు చేతిలో నీళ్ల పైపు చక్రాన్ని వదిలి నేలను తడపసాగింది. అతను చూసుకోలేదు.

"బతుకమ్మ లోపట బండి బురద ఎక్కాలె నర్సిములూ. పూలు ఆగవు. ట్రాలీల పోస్తే నలుగుతయ్. ఇంకో మాట, బురదల నడిపే డ్రైవర్ ఉంటే సూడు. రోడ్డు మీదైతే నేనే తోలుకుంట గని చేన్ల నాతోని కాదు."

నర్సింహులు జీపు కిందనుంచి బయటికి వచ్చి మేనమామ వైపు చూశాడు. "ఉన్నడు" అన్నాడు.

పెద్దరాములు లేచి షెడ్డు వెనక్కి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ అంగీ జేబులోంచి పచ్చిమిరపకాయ తీసి కొరికాడు.

ఆ మిరపకాయల సంగతి బీరంగూడలో ఆ గల్లీ మొత్తానికి తెలుసు. పొద్దున్నే బక్కమ్మ చాయ్‌తో పాటు మొగుడి జేబులో గుప్పెడు మిరపకాయలు వేసి పంపుతుంది. పగటిపూట కన్ను బరువెక్కినట్టు అనిపిస్తే చాలు, ఒకటి తీసి కొరుకుతాడు. కడిగేది చక్రాలు, అందించేది పానాలు, దానికి ఇంత కాపలా ఎందుకయ్యా అని పక్క దుకాణాలవాళ్లు నవ్వుతారు. అతనూ నవ్వుతాడు. నవ్వుతూనే కంట్లో నీళ్లు తుడుచుకుంటాడు. కారం మహిమ అని వాళ్లు అనుకుంటారు.

పెద్దరాములు ఈ జీపే నడిపేవాడు. నవీన్‌కుమార్ అనే కాంట్రాక్టరు దగ్గర. జిన్నారం అవతలి ఊళ్ల ఆడవాళ్లను పొద్దున్నే ఎక్కించుకుని మందుల కంపెనీ దగ్గర దింపడం పని. ఒక పొద్దున నక్కలకుంట కట్ట దిగేచోట జీపు రోడ్డు విడిచి కాలవలో పడింది. పక్క సీట్లో కూర్చున్న దేవమ్మకు కుడి మణికట్టు విరిగింది, వంకరగా అతుక్కుంది. పెద్దరాములు తల పగిలి, ఒళ్లు తెలియకుండా ఆసుపత్రి చేరాడు. "డ్రైవర్ కునుకు తీసిండు" అని నవీన్‌కుమార్ తేల్చేశాడు. జీపును కాలవలోంచి పైకి లాగకముందే, దాని కిందికి ఎవరూ తొంగి చూడకముందే తేల్చేశాడు. పోలీసులు అదే రాసుకున్నారు, ఊళ్లు అదే చెప్పుకున్నాయి. ఇంత అన్యాయం జరుగుతుంటే ఆ మనిషి ఒక్క మాట కాదనలేదేం అని మీరు అడగవచ్చు. కాదనడానికి అతనికి నోరు రాలేదు. అతనికి కల వచ్చింది మరి.

కల ఇంతే. తెల్లారీ తెల్లారని వెలుగు. నీళ్ల మీద ఒక తెల్ల దుప్పటి పరిచి ఉంది. ఎవరో నాలుగు మూలలా పట్టి ఎత్తినట్టు అది మెల్లగా పైకి లేచింది. లేస్తూ లేస్తూ ముక్కలైంది. ప్రతి ముక్కా ఒక కొంగ అయింది. ఆకాశం పట్టనన్ని కొంగలు. ఎండ ఇంకా పడలేదు, అయినా రెక్కల అంచులు మెరుస్తున్నాయి. ఎక్కడా చప్పుడు లేదు. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను. నక్కలకుంట అంటే నురుగు తేలే కుంట, దాటేటప్పుడు జనం ముక్కు మూసుకునే కుంట. అందులో కొంగలెక్కడివి? కల కాక మరేమిటి? కల వచ్చిందంటే నిద్రపోయినట్టే. ఈ మాట అతను బక్కమ్మకు కూడా చెప్పలేదు. అన్నిటికంటే పెద్ద సిగ్గు ఇంకొకటుంది. ఒక ఆడమనిషి చెయ్యి విరగ్గొట్టిన ఆ కల అతనికి ఇష్టం. కళ్లు మూసుకుంటే అది మళ్లీ వస్తుందేమోనని భయం, వస్తే బాగుండునని ఆశ. ఆ రెంటికీ మందు మిరపకాయ.

మరునాడు పొద్దుటినుంచే ముసురు పట్టింది. షెడ్డు రేకుల మీద వాన సన్నగా, విడవకుండా కొడుతోంది. రోజూ కనిపించే తెల్లాపూర్ మేడలు మంచులో కరిగిపోయి, ఆకాశం నేల మీదికి దిగి వచ్చినట్టుంది. నర్సింహులు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీతో జీపును లేపి, కింద కర్ర మొద్దులు పేర్చాడు. ఉన్న వెనక షాఫ్టును ముందుగా చూశాడు. రెండు చేతులతో పట్టి ఇటు తిప్పి అటు తిప్పాడు. టక్‌మంది. షాఫ్టు రెండు కొసల్లో అడ్డదిడ్డంగా తిరగడానికి వీలుగా నాలుగు కాళ్ల క్రాసు ఉంటుంది. దాని మూతల చుట్టూ ఎర్రటి పొడి రాలి ఉంది.

"గ్రీసు సూడక ఎన్నాళ్లయిందో పాపం" అన్నాడు నర్సింహులు.

పెద్దరాములు వంగి ఆ పొడిని వేలితో తుడిచాడు. తను నడిపిన రోజుల్లో శుక్రవారం వచ్చిందంటే ముందు జీపుకు గ్రీసు, తర్వాతే తనకు స్నానం. ఇప్పుడు ఆ ఎర్ర పొడి చూస్తే, పోషించిన పశువును పరాయి కొట్టంలో డొక్కలు ఎండిపోగా చూసినట్టుంది. మనసు పాడైంది.

"మామా, సంచి తియ్యరాదు" అన్నాడు అల్లుడు.

వెనక సీటు కింద ఉన్న గోనె సంచి గ్రీసుకు నల్లబడి బిగుసుకుపోయింది. పెద్దరాములు దాన్ని బయటికి లాగాడు. లోపలినుంచి ముందు షాఫ్టు జారి నేల మీద పడింది. మనిషి కాలంత పొడుగు ఇనుప గొట్టం. ఒక కొస బాగానే ఉంది. రెండో కొసన క్రాసును పట్టుకునే రెండు చెవుల్లో ఒకటి లేదు. రెండోది మెలి తిరిగి ఉంది.

నర్సింహులు దాన్ని ఒళ్లో పెట్టుకుని కిరోసిన్ గుడ్డతో విరిగినచోట తుడిచాడు. వెలుగులోకి తిప్పాడు. మళ్లీ తుడిచాడు. అతని చెయ్యి ఆగిపోయింది.

"గిట్ల రా మామా. గీ ఇరిగిన మొకం సూడు."

పెద్దరాములు చూశాడు. విరుగులో చాలా భాగం నల్లగా, నునుపుగా ఉంది. అంచున కొద్దిగా మాత్రం గరుకుగా ఉండి, పలచటి తుప్పు పట్టింది.

"నల్లగున్నది పాత పగులు. ఎన్ని నెలల సంది పగిలి ఉందో, లోపటికి గ్రీసు పోయి, రాసుకొని రాసుకొని నున్నగయింది. గీ అంచు పట్టుకొని బండి నడిచింది గన్ని దినాలు. ఆఖరుకు గదీ తెగింది. కింద టకటక అంటుందని నవీన్‌కుమార్‌కు నువ్వు చెప్తివి గదా?"

"చెప్పిన. వచ్చే నెల సూద్దామన్నడు."

"ఇగ సూడు. ముందు కొస తెగి కింద పడ్డది. పడి రోడ్డుకు పొడిచింది. బండి నడుస్తుంటే ముందటికి గునపం దిగినట్టు. ఎవ్వని చేతులనన్న ఉంటదా స్టీరింగు?"

"కాల్వల పడ్డప్పుడు గుద్దుకొని ఇరిగిందేమోరా."

నర్సింహులు స్క్రూడ్రైవరు తీసుకుని, మిగిలిన చెవి సందులో గట్టిపడి ఉన్న నల్లటి ముద్దను పొడిచాడు. అది పెళ్లలు పెళ్లలుగా ఊడి మేనమామ అరచేతిలో రాలింది. డాంబరు, అందులో చిన్న చిన్న కంకర.

"కాల్వల డాంబర్ యాడిది మామా? రోడ్డు తవ్వింది ఇది. బండి రోడ్డు మీదున్నప్పుడే తవ్వింది."

పెద్దరాములు ఆ పెళ్లలను అటూ ఇటూ కదిపి చూశాడు. అవి నిజమే. అల్లుడు అబద్ధం చెప్పడు, ఇనుము అసలే చెప్పదు. అయినా గుండెలో బరువు దిగలేదు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట అక్కడ, ఆ గ్రీసు వాసనలో, తల ఎత్తకుండా చెప్పాడు. కొంగల సంగతి.

"కల పడ్డది నర్సిములూ. నిద్రపోకుంటే కలెట్ల పడతది? ఇరిగింది నిజమే కావొచ్చు. నేను మెలకువతోని ఉంటే ఆపుకోకపోదునా? దేవమ్మ చెయ్యి బతకకపోవునా?"

నర్సింహులు చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఇనుము సంగతైతే నేను చెప్తగని మామా, కల సంగతి నాకేం ఎరుక?" అన్నాడు చివరికి.

మంచి మాట చెప్పి ఓదార్చే మనుషులు చాలామంది ఉంటారు. తనకు తెలియనిది తెలియదని చెప్పేవాడు దొరకడం కష్టం. పెద్దరాములుకు ఆ జవాబు వల్ల అల్లుడి మీద గౌరవం పెరిగింది గానీ, మిరపకాయ అవసరం తగ్గలేదు.

విరిగిన షాఫ్టు అతికించడానికి పనికిరాదు. అతికిస్తే మళ్లీ అక్కడే తెగుతుంది. నర్సింహులు పాతసామాను గుజిరీకి వెళ్లి, అదే రకం జీపులోంచి తీసిన షాఫ్టులు రెండు తెచ్చాడు. నచ్చనిది తిరిగిస్తానని మాట చెప్పి తెచ్చాడు. పైకి రెండూ బాగానే ఉన్నాయి. పైకి బాగుండడంతో పని లేదు కదా, గొట్టంలో వెంట్రుకంత వంకర ఉన్నా బండి వణుకుతుంది. రెంటినీ, లేతు మిషను నడిపే శ్రీశైలం అనే అతని దగ్గరికి మోసుకెళ్లారు.

శ్రీశైలం మొదటిదాన్ని లేతుకు బిగించి తిప్పాడు. సుద్దముక్క పట్టుకోమని పెద్దరాములుకు ఇచ్చాడు. తిరిగే గొట్టానికి సుద్దను తాకీ తాకకుండా దగ్గరికి తేవాలి. వంకర ఉంటే ఉబ్బినవైపు మాత్రమే గీత పడుతుంది. తిన్నగా ఉంటే చుట్టూ పడుతుంది. పెద్దరాములు ఒక మోకాలి మీద కూర్చుని సుద్దను దగ్గరికి తెచ్చాడు. గొట్టం తిరుగుతున్నట్టు లేదు, నిలబడి మెరుస్తున్నట్టుంది. లేతు జోలపాడుతున్నట్టు ఒకే రాగం తీస్తోంది. బయట ముసురు, లోపల ఆ మెరుపు. రెప్పలు బరువెక్కాయి. నీళ్ల మీద తెల్ల దుప్పటి మూల ఒకటి కదిలింది. ఉలిక్కిపడి జేబులో చెయ్యి పెట్టి మిరపకాయ కొరికాడు. లేతు ఆగాక చూస్తే గీత ఒకవైపే పడి ఉంది.

"వంకర ఇది" అన్నాడు శ్రీశైలం.

రెండోదాని మీద గీత చుట్టూ పడింది. మొదలూ చివరా కలిసిపోయిన తెల్లటి కడియంలా ఉంది. పెద్దరాములు దాని మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పాడు. తిప్పుతూ ఎందుకో దేవమ్మ చేతిని తలుచుకున్నాడు. ఆ చేతికి గాజులు ఎక్కుతున్నాయో లేదో అతనికి తెలియదు. అడిగే ధైర్యం ఎన్నడూ చేయలేదు.

షెడ్డులో కొత్త క్రాసులు ఎక్కించారు. మూతల లోపల సన్నటి ఇనుప సూదులు వరసగా పడుకుని ఉంటాయి, ఒక్కటి అడ్డం పడినా మూత దిగదు. పెద్దరాములు గ్రీసు రాసి ఒక్కొక్కదాన్ని వేలికొసతో సర్దాడు. షాఫ్టు మధ్యలో ఒకదానిలో ఒకటి జారే రెండు పళ్ల భాగాలుంటాయి. విప్పేముందు నర్సింహులు రెంటి మీదా కలిపి సుద్దగీత గీశాడు, మళ్లీ అదే వరసలో కలపడానికి. ఆ గీతను రేకుల సందులోంచి కారిన వాన ఎప్పుడు కడిగేసిందో ఎవరూ చూడలేదు. అందాజుగా కలిపి, బోల్టులు బిగించి, చక్రాలు గాలిలో ఉండగానే ఇంజను స్టార్టు చేశారు. మొదట బాగానే ఉంది. వేగం పెంచేసరికి ఎక్కడో తేనెటీగ పట్టు మీద రాయి పడ్డట్టు జుమ్ముమంది.

పెద్దరాములు జీపు పక్కన బోర్లా పడుకుని, అరచేయి ఛాసిస్ మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఆపురా" అన్నాడు. "ఒక పల్లు తప్పింది. రెండు కొసల చెవులు ఒక్క వరుసల లేవు."

విప్పి, ఒక పల్లు తిప్పి కలిపారు. జుమ్ము పోయింది. నాలుగు చక్రాలూ గాలిలో చప్పుడు లేకుండా తిరిగాయి. ఆ తిరుగుడును పెద్దరాములు చాలాసేపు చూశాడు. అల్లుడు ఓరకంట మామను చూశాడు.

వాన తెరిపి ఇచ్చిన పొద్దున సంగప్ప వచ్చాడు. "బురదల ఎక్కిచ్చి సూపెట్టు, గప్పుడే తీస్కపోత" అన్నాడు. న్యాయమైన మాటే.

"జిన్నారం దిక్కు పోదాం. నక్కలకుంట కట్ట కింద మస్తు బురద ఉంటది" అన్నాడు నర్సింహులు. అన్నాడే గానీ మేనమామ ముఖం వైపు చూడలేదు.

"నేను రానురా" అన్నాడు పెద్దరాములు.

"నడుపుమంటలేను. పక్కన కూసో. సప్పుడు వినేతందుకు ఒక చెవి కావాలె."

పెద్దరాములు పక్క సీట్లో కూర్చున్నాడు. దేవమ్మ కూర్చున్న సీటు అది. పటాన్‌చెరు లారీల వరస దాటి, రింగు రోడ్డు కిందుగా వెళ్లి, ఫ్యాక్టరీల గోడల వెంట సాగింది జీపు. గోడల మీదుగా పొగ లేచి మబ్బుల్లో కలుస్తోంది, ఏది పొగో ఏది మబ్బో చెప్పలేం. రోడ్డు పక్క బతుకమ్మకు పేర్చే గునుగు తెల్లగా పూసి తలలూపుతోంది. షాఫ్టు ఉన్నట్టే లేదు, అంత మెత్తగా ఉంది నడక. వెనక సంగప్ప ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పెద్దరాములు జేబులో చెయ్యి పెట్టి మిరపకాయను గట్టిగా పట్టుకున్నాడు.

కట్ట దిగేచోట నర్సింహులు జీపు ఆపి దిగాడు. రోడ్డు మీద ఏదో వెతికాడు. "మామా" అని పిలిచాడు.

ఆ రోడ్డుకు మళ్లీ డాంబరు పోసిన పాపాన ఎవరూ పోలేదు. అందుకే గాటు అలాగే ఉంది. రోడ్డు మధ్యలో మొదలై, వంకరగా సాగి, అంచు దాకా పోయింది. అందులో వాన నీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తోంది. పెద్దరాములు గాటు వెంట నడిచాడు. అది జీపు రోడ్డు దిగినచోటికి చాలా ముందే మొదలైంది. ఇంక వేరే సాక్ష్యం ఏం కావాలి? అయినా అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇరిగిందిరా. నేను కాదంటలేను. ఇరిగినప్పుడు నేను యాడున్న? నిద్రల ఉన్న."

రోడ్డు మలుపులో కర్రలకు కట్టిన తాటిపత్రి పరదా కింద ఒకామె మక్క కంకులు కాలుస్తోంది. ఎడమ చేత్తో విసనకర్ర విసురుతోంది. కుడి చేయి ఒళ్లో ఉంది. ఆమె కొంతసేపటిగా ఇటే చూస్తున్నట్టుంది.

"వచ్చినవా రాములన్నా" అంది. లేవలేదు, విసరడం ఆపలేదు.

పెద్దరాములు నడిచి వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. మణికట్టు దగ్గర ఎముక చిన్న గుట్టలా లేచి ఉంది. దాన్ని దాటి ఎర్రగాజులు ఉన్నాయి. గాజులు ఎక్కాయి. అది చూసి అతనికి ఏడుపొచ్చింది.

"దేవమ్మా, నా వల్ల నీ చెయ్యి..."

"చెయ్యి సంగతి ఇడువు. ఇరిగింది, అతికింది, కంకులు కాలుస్తున్న. రెండు బతుకమ్మలు దాటినయ్. ఒక్కపారన్న వచ్చి ఎట్లున్నవ్ చెల్లే అని అడగకపోతివి. గది నొచ్చింది నాకు."

"ఏం మొకం పెట్టుకొని రావాలె? నిద్రపోయి బండి పడగొట్టినోన్ని."

దేవమ్మ విసనకర్ర ఆగింది. "ఎవలన్నరు?"

"అందరన్నరు."

"అందరు బండ్ల ఉన్నరా? నేనుంటి. నీ పక్కన్నే ఉంటి. ఎనుక కూసున్నోళ్లు కునుకు తీస్తుండ్రి గని నేను మెలకువనే ఉంటి. నన్నెవలన్న అడిగిండ్రా? పోలీసులు అడిగిండ్రా, కాంట్రాక్టర్ అడిగిండా? నీకన్న ఎరుకే గదా, నువ్వే చెప్పుకుంటవనుకున్న."

"నాకేం ఎరుక చెల్లే. నాకు కల పడ్డది. కుంట మీద తెల్లగ కొంగలు..."

దేవమ్మ అతని వైపు వింతగా చూసింది. "కలేందన్నా? కొంగలు లేవలే? ఫట్‌మని బండి కింద సప్పుడాయె. గా సప్పుడుకు కుంట మీదున్న కొంగలన్ని ఒక్కపారి లేశినయ్. నువ్వు అటు సూస్తివి, నేను నిన్ను సూస్తి. కండ్లు గింతింత చేసినవ్. బ్రేకు తొక్కుకుంటనే స్టీరింగు రెండు చేతుల పట్టి గుంజితివి. లేకుంటే కుంటల్నే పోతుంటిమి అందరం."

"నక్కలకుంటల కొంగలెక్కడియి?"

"నురుగు గా తూము కాడ. గా ఏడు పై కుంట తెగి కొత్త నీళ్లొచ్చినయ్, చేపపిల్లలొచ్చినయ్. నెల దినాలు తెల్లగుండె గీ ఒడ్డు. గా నీళ్లు తగ్గినంక మళ్ల ఎప్పటి తీరే."

పెద్దరాములు కుంట వైపు చూశాడు. బూడిదరంగు నీళ్లు, తూము దగ్గర నురుగు, ఒక్క పిట్ట లేదు. ఉండకపోతేనేం? ఒకప్పుడు ఉన్నాయి. అతను చూశాడు. తెరిచిన కళ్లతో చూశాడు. తలకు తగిలిన దెబ్బ చప్పుడును తీసుకుపోయి, తెలుపును మాత్రం విడిచిపెట్టింది. రోడ్డు పక్కనే చతికిలబడ్డాడు.

"గప్పుడు నువ్వు నన్నెందుకు సూస్తుంటివి చెల్లే?" అని అడిగాడు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"మాట్లాడుతుంటివి గదా నాతోని. బతుకమ్మకు గునుగు దొరికిందా దేవమ్మా అని అడిగితివి. నేను, గునుగు ఇంక... అన్న. గంతల్నే ఫట్‌మన్నది."

"గునుగు ఇంక?"

"ఇంక పూయలేదన్నా అని చెప్పవోయిన. గంతే."

అతను నవ్వాడు. నవ్వు ఏడుపులోకి జారింది, మళ్లీ నవ్వులోకి వచ్చింది. నర్సింహులు ముఖం అటు తిప్పుకుని జీపు చక్రాన్ని అనవసరంగా తన్ని చూశాడు. సంగప్పకు సగమే అర్థమైంది. ఆ సగానికే పాపం తువ్వాలతో ముక్కు తుడుచుకున్నాడు.

నర్సింహులు వచ్చి తాళంచెవి మేనమామ చేతిలో పెట్టాడు. పెద్దరాములు గుప్పిట మూశాడు. లేవలేదు.

"జెర పండుకుంటరా" అన్నాడు.

జీపులోంచి ఆ నల్లబడిన గోనె సంచినే తెచ్చి తాటిపత్రి నీడలో పరిచారు. పడుకోబోతూ జేబులోని మిరపకాయలన్నీ తీసి దేవమ్మ ముందు పెట్టాడు. ఆమె రెండింటిని ఉప్పుతో నూరి, కాలిన కంకికి పూసి సంగప్పకు ఇచ్చింది. సంగప్ప ఒక కొరుకు కొరికి, "మరి బురద సంగతి?" అన్నాడు.

"బురద యాడికి పోదే. డ్రైవర్ లేశినంక ఎక్కిస్తడు" అన్నాడు నర్సింహులు.

పెద్దరాములు అప్పటికే నిద్రపోయాడు. పట్టపగలు, రోడ్డు పక్కన, నోరు కొద్దిగా తెరుచుకుని, గుప్పిట్లో తాళంచెవితో. ఊపిరి మెల్లగా పోయి వస్తోంది. సంగప్ప కంకి తినడం అయిపోయింది, ఇంకొకటి అడిగి తిన్నాడు. ఎవరూ లేపలేదు.

కట్ట మీదినుంచి లోడు లారీ ఒకటి దిగుతూ మలుపు దగ్గర హారన్ మోగించింది. దేవమ్మ విసనకర్ర పక్కన పెట్టి గబగబా రోడ్డు మీదికి వెళ్లి, వంకర తిరిగిన కుడి చేతిని పైకెత్తి లారీకి అడ్డంగా నిలబడింది. లోపలున్న కుర్రాడు బ్రేకు తొక్కి, ఏమైందన్నట్టు తల బయట పెట్టాడు.

"హారన్ కొట్టకు బిడ్డా, మెల్లగ పో" అందామె. "మా డ్రైవరన్న పండుకున్నడు."